పట్టీ అందించే పరుగు

ఏటా జనవరి 2, 3 తేదీల్లో జపాన్‌లో లక్షలాదిమంది రోడ్ల పక్కన, టీవీల ముందు చేరి ఒక పరుగుపందెం చూస్తారు. దాని పేరు హకోనె ఎకిడెన్. విశ్వవిద్యాలయ విద్యార్థులు పదిమంది చొప్పున జట్లుగా పాల్గొంటారు. మొదటిరోజు ఐదుగురు ఒకరి తర్వాత ఒకరుగా టోక్యో నుంచి హకోనె కొండల్లోని అషి సరస్సు దాకా పరుగెత్తుతారు. మరునాడు మిగతా ఐదుగురు అదే దారిన తిరిగి వస్తారు. మొత్తం దూరం సుమారు 217 కిలోమీటర్లు. ఒక్కొక్కరి వాటా 20 కిలోమీటర్లకు పైనే. 1920లో నాలుగు జట్లతో మొదలైన ఈ పందెం, యుద్ధకాలంలో కొన్నేళ్లు ఆగినా 1947లో మళ్లీ మొదలై నేటికీ సాగుతోంది.

మనకు తెలిసిన రిలే పందెంలో చేతికర్ర అందిస్తారు. ఇక్కడ అందించేది 'తసుకి' అనే గుడ్డపట్టీ. భుజం మీదుగా నడుముకు అడ్డంగా వేసుకుంటారు. దాని మీద విశ్వవిద్యాలయం పేరు ఉంటుంది. పదోవాడి ఒంటిమీదికి చేరేసరికి ఆ పట్టీ తొమ్మిదిమంది చెమటతో తడిసి ఉంటుంది. అది ఏ ఒక్కరిదీ కాదు. వేసుకున్నవాడు దానికి యజమాని కాడు, కాసేపు మోసేవాడు మాత్రమే.

ఈ పందెంలో అన్నిటికన్నా కఠినమైనది ఐదో వంతు. సముద్రతీరాన ఉన్న ఒదవారా నుంచి 20 కిలోమీటర్ల దారిలో, దాదాపు 870 మీటర్ల ఎత్తుకు ఎక్కాలి. చలిగాలి, మలుపులు, ఆగని ఎక్కుడు. మైదానంలో మెరుపులా పరుగెత్తినవాళ్లు కూడా అక్కడ నడవలేక తడబడతారు. కానీ వెనుకబడిన జట్టు మళ్లీ ముందుకొచ్చేదీ చాలాసార్లు ఆ కొండమీదే.

ఈ పందెంలో మనసును కలచివేసే నియమం మరొకటుంది. పట్టీ మార్చుకునే చోట మొదటి జట్టు వెళ్లిపోయాక నిర్ణీత సమయం వరకే ఎదురుచూస్తారు. చోటును బట్టి అది 10 నుంచి 20 నిమిషాలు. ఆ గడువు దాటితే తర్వాతి విద్యార్థి తన జట్టు పట్టీ లేకుండానే బయలుదేరాలి. చాలాచోట్ల అతనికి తెలుపు, పసుపు రంగుల మామూలు పట్టీ ఒకటి ఇస్తారు. కొద్ది క్షణాల తర్వాత, జట్టు పట్టీని చేతిలో పట్టుకుని ఆయాసపడుతూ వచ్చినవాడికి అందుకునేవారే కనబడరు. అక్కడే కుప్పకూలి ఏడ్చేవాళ్లుంటారు. ఓడినందుకు కాదు ఆ ఏడుపు, అందించలేకపోయినందుకు.

ఈ పందేనికి పునాది వేసినవారిలో ఒకరు కనకురి షిసో. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ మారథాన్‌లో ఎండదెబ్బకు దారిమధ్యలోనే పడిపోయాడు. ఒక స్వీడన్ కుటుంబం ఆదరించగా కోలుకుని స్వదేశం చేరాడు. అంతటితో కుంగిపోయి కూర్చోలేదు. తనొక్కడు పరుగెత్తితే చాలదు, తన వెనుక ఎందరో రావాలనుకున్నాడు. ఆ తలంపులోంచే హకోనె పందెం పుట్టింది. 1967లో స్టాక్‌హోమ్ వాళ్లు ఆయన్ను పిలిపించి, ఆనాటి పరుగు పూర్తి చేయించారు. అప్పటికి ఆయన వయసు 75 ఏళ్లు. పరుగుకు పట్టిన కాలం 54 ఏళ్లకు పైనే!

హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం చివర ఒక ఆశ్చర్యకరమైన మాట ఉంది. అబ్రాహాము, మోషే వంటి విశ్వాసవీరుల పరుగు కూడా మనం లేకుండా సంపూర్ణం కాదని దాని భావం. వెంటనే 12వ అధ్యాయం మన ముందున్న పందెం గురించి చెబుతుంది. అంటే ఆ సాక్షులు గట్టున కూర్చుని వేడుక చూసేవాళ్లు కారు. తమ వంతు ముగించి, పట్టీ మనకిచ్చి ఎదురుచూస్తున్నవాళ్లు. ఏలీయా దుప్పటి ఎలీషాకు చేరింది. మోషే కొండమీదే ఆగిపోయినా యెహోషువ నది దాటాడు. అవ్వ లోయి నుంచి తల్లి యునీకేకు, ఆమె నుంచి తిమోతికి విశ్వాసం చేరింది. తాను నేర్పినది నమ్మకమైనవాళ్లకు అప్పగించమని, వాళ్లు ఇంకొందరికి నేర్పాలని పౌలు తిమోతికి రాశాడు. ఆ ఒక్క వాక్యంలోనే నాలుగు వంతుల పరుగు ఉంది!

మరి మన ఇళ్లలో, సంఘాల్లో ఏం జరుగుతోంది? పెద్దలు పట్టీ వదలరు. 'ఇంకా కాలముంది, పిల్లలు చిన్నవాళ్లు' అంటారు. కానీ గీత దగ్గర నిలబడ్డ తరం మనకోసం ఎంతోసేపు ఆగదు. వాళ్లు ఎలాగూ పరుగెత్తుతారు. ఎవరి పట్టీ వేసుకుని పరుగెత్తుతారన్నదే ప్రశ్న. మనం ఆలస్యం చేస్తే లోకం తన పట్టీ ఇచ్చి పంపేస్తుంది. డబ్బు, చదువు, ఇల్లు అన్నీ వేళకు అందించే మనం, ప్రార్థనను, క్షమించే మనసును, సత్యం కోసం నష్టపడే ధైర్యాన్ని మాత్రం ఎందుకు వాయిదా వేస్తున్నాం?

ఇప్పటికే గడువు దాటిందని కన్నీరు పెట్టే తల్లిదండ్రులకూ ఒక మాట. హకోనెలో పట్టీ తెగిన జట్టును పందెం నుంచి తీసేయరు. మామూలు పట్టీతో వెళ్లినవాడి పరుగు కూడా ఆ జట్టు లెక్కలోకే వస్తుంది. మీ బిడ్డ మీ పట్టీ లేకుండా వెళ్లిపోయినా, దేవుని లెక్కలోంచి వెళ్లిపోలేదు. దూరంగా ఉన్న కొడుకును చూసి పరుగెత్తుకెళ్లిన తండ్రిని మనకు చూపించినవాడు ప్రభువే. మోకాళ్లమీద మీ వంతు పరుగు ఆపకండి. ఆ పట్టీ మడిచి దాచకండి!