మూగవోయిన ఆర్గాన్‌కు కొత్త గొంతుక

హౌరా నుండి మద్రాసు వైపు, నాగపూరు వైపు సాగే రైలుదారులు చీలే కూడలి ఖరగ్‌పూరు. పశ్చిమ బెంగాల్‌లోని ఈ రైల్వే పట్టణానికి బెంగాల్-నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుండి ఎన్నో కుటుంబాలు కొలువులకై తరలివచ్చి, తరతరాలుగా స్థిరపడిపోయినాయి. సిగ్నల్ కేబిన్ అనగా ఏమిటో ఆ ఇళ్లలో వేరుగా చెప్పనక్కరలేదు. మీటను కదిపే చేయి ఒకచోట ఉంటుంది. దాని ఆజ్ఞకు లోబడి కదిలే పట్టా మరెంతో దూరాన ఉంటుంది. 2017లో ఇక్కడ నెలకొల్పిన ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ వ్యవస్థ 800 మార్గాలను ఈ సూత్రం మీదనే నడిపిస్తున్నది.

సంగీతంలోనూ ఇటువంటి కేబిన్ ఒకటున్నది. దాని పేరు ఆర్గాన్ కన్సోల్.

మన హార్మోనియంలో మెట్టు, దాని కింద మోగే రీడు ఒకే పెట్టెలో ఉంటాయి. చర్చిలలోని పెద్ద ఆర్గాన్ సంగతి వేరు. వాద్యకారుడు కూర్చునే చోటు కన్సోల్. నాదం పుట్టేది గొట్టాలలో. ఈ రెండింటినీ విద్యుత్ తీగలతో కలిపిన తొలితరం నిపుణులలో ఇంగ్లండుకు చెందిన రాబర్ట్ హోప్-జోన్స్ ఒకడు. 19వ శతాబ్దం చివరి దశకాలలో బిర్కెన్‌హెడ్ పట్టణంలోని చర్చి ఆర్గాన్‌కు ఆయన తీగలు అమర్చినాడు. వృత్తిరీత్యా ఆయన టెలిఫోన్ ఇంజనీరు కావడం విశేషం.

తరువాత 1935లో లారెన్స్ హామండ్ తయారుచేసిన విద్యుత్ ఆర్గాన్ అమెరికాలో విపణికి వచ్చింది. గొట్టాల అవసరం తీరిపోగా, ఆర్గాన్ సామాన్యుల ఇళ్లలోకి ప్రవేశించినది. కొన్ని దశాబ్దాల వైభవం అనంతరం, చౌకగా దొరికే చిన్న కీబోర్డుల ధాటికి ఆ గృహవాద్యం వెనుకబడిపోయినది. పాత ఆర్గాన్లలో మొదట చెడేది స్వరాన్ని పుట్టించే సర్క్యూట్లు. విడిభాగాలు దొరకవు, మరమ్మతు చేసేవారు అరుదు. చెక్కపని, మెట్లు, కాలి మెట్లు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటాయి. గొంతు పోయినంత మాత్రాన ఇంత మంచి శరీరాన్ని పారవేయవలసినదేనా?

ఈ ప్రశ్నకు సమాధానం మరో దిశ నుండి వచ్చింది. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన వాద్య పరిశ్రమల ప్రదర్శనలో పోటీ సంస్థలైన సీక్వెన్షియల్ సర్క్యూట్స్, రోలాండ్ తమ సింథసైజర్లను ఒక తీగతో కలిపినాయి. ఒకదాని మీద వాయిస్తే రెండవది పలికింది. ఈ ఉమ్మడి భాషకు ‘మిడి’ అని పేరు. దీని రూపకల్పనకు దారితీసిన డేవ్ స్మిత్, ఇకుతారో కకెహాషి 2013లో సాంకేతిక గ్రామీ పురస్కారం అందుకున్నారు.

మిడి తీగలో ధ్వని ప్రవహించదు. ‘ఫలానా మెట్టు నొక్కబడినది’, ‘వదలబడినది’ అన్న వార్తలు మాత్రమే అంకెల రూపంలో సాగిపోతాయి. హార్మోనియం నడుమనున్న సి స్వరానికి 60 అని సంఖ్య. సెకనుకు 31,250 బిట్ల వేగంతో పోయే ఈ వార్త ఒక్కొక్కదానికి పట్టే కాలం సుమారు సెకనులో వెయ్యో వంతు. ఆ వార్త నందుకొని నాదాన్ని పుట్టించేది కంప్యూటరు కావచ్చు, మరో వాద్యం కావచ్చు.

కాబట్టి పాత కన్సోల్‌కు కావలసినది మెట్లను గమనించే ఒక చిన్న మెదడు. 61 మెట్లకు 61 తీగలను ఆ మెదడు దాకా లాగనక్కరలేదు. మెట్లను 8 అడ్డు వరుసలు, 8 నిలువు వరుసలుగా అమర్చితే 16 తీగలు చాలును. ప్రతి మెట్టుకూ ఒక డయోడ్ తప్పనిసరి. లేనిచో మూడు మెట్లు కలిపి నొక్కినపుడు, నొక్కని నాలుగవది కూడా పలికే ప్రమాదమున్నది. పియానోవలె ఎంత బలంగా కొట్టినారో కొలవవలసిన పని ఆర్గాన్‌కు లేదు గనుక మెట్టుకు ఒక్క స్పర్శబిందువు సరిపోతుంది.

అయితే చిక్కంతా ఇక్కడే ఉన్నది. చాలా పాత ఆర్గాన్లలో మెట్లన్నీ ఒకే పొడవాటి లోహపు కడ్డీని తాకుతాయి. వరుసలుగా విభజించాలంటే ఆ కడ్డీని ముక్కలు చేయాలి. ఒకసారి కోసిన కడ్డీని తిరిగి యథాస్థితికి తేవడం కష్టం. షిఫ్ట్ రిజిస్టర్ అనే చిప్పులు వాడితే, ఒక్కొక్కటి 8 మెట్లను గమనిస్తుంది; అటువంటివి 8 ఉంటే చాలు, కడ్డీ జోలికి పోనక్కరలేదు. రేపెవరైనా పాత గొంతునే బాగుచేయదలచితే వారికి దారి మిగిలి ఉండాలి. ఇక 230 వోల్టుల విద్యుత్తును విడదీసి, పాత కెపాసిటర్లలో నిలిచిన చార్జి పోయిందని నిర్ధారించుకొనక లోపల చేయి పెట్టరాదు. మెట్ల వద్ద నున్న వోల్టేజీ కొలవకుండా 5 వోల్టుల చిప్పును కలుపరాదు.

రైల్వే కేబిన్ నుండి కన్సోల్ నేర్చుకొనవలసిన పాఠం మరొకటున్నది. తీగ తెగినా, రిలే విఫలమైనా సిగ్నల్ రైలును ఆపే వైపుకే మొగ్గాలన్నది రైల్వే నీతి. మిడిలో దీనికి విరుద్ధమైనది జరుగవచ్చు. ‘వదలబడినది’ అన్న వార్త దారిలో పోతే, వేలు ఎత్తిన తరువాత కూడా స్వరం ఆగక మోగుతూనే ఉంటుంది. భజనలోనో ప్రార్థనలోనో ఇలా జరిగితే ఎంత ఇబ్బందో చెప్పనక్కరలేదు. ఇందుకు మిడిలోనే ఒక విరుగుడు ఉన్నది. వార్తలేవీ లేనపుడు కూడా ‘నేనున్నాను’ అన్న సంకేతాన్ని కన్సోల్ పంపుతూ ఉంటుంది. 300 మిల్లీసెకన్ల పాటు ఏ సంకేతమూ అందకపోతే, అవతలి వాద్యం స్వరాలన్నిటినీ ఆపివేస్తుంది. ఈ ఏర్పాటు ఐచ్ఛికం కావడంతో చాలామంది దీనిని విస్మరిస్తారు. అన్ని స్వరాలనూ ఒక్కసారిగా ఆపే మీట ఒకటి కన్సోల్ మీద అదనంగా అమర్చుకొనడం వివేకం.

ఎక్కడ పుట్టినా నాదానికి ఆజ్ఞ ఇచ్చేది చేయి. మనుషుల చేతులకు అలవాటుపడిన మెట్లు ఉన్నంతకాలం ఆర్గాన్‌కు గొంతుక మార్చవచ్చును. ఆ చేయి ఆగినపుడు నాదం కూడా ఆగేటట్లు చూడడమే పనివాని నేర్పు.