నాటకానికి పట్నం పోదామంటే... చీకటి పడితే ఎలా?

నల్లగొండ: మన పల్లెల్లో నాటకమంటే ఊరందరి పండుగ. చిందు భాగవతమైనా, వీధి నాటకమైనా పొద్దు గూకాక మొదలై కోడి కూసేదాకా సాగేది. ఆడవారు చాపలు, దుప్పట్లు తెచ్చుకుని, పిల్లలను ఒళ్లో పడుకోబెట్టుకుని తెల్లవార్లూ చూసేవారు. భయమన్న మాటే ఉండేది కాదు. ఎటు చూసినా తెలిసిన మొహాలే కదా!

అలాంటి రాత్రులు ఇప్పుడు బాగా తగ్గిపోయాయి. మంచి నాటకం చూడాలంటే చాలామందికి హైదరాబాదే దిక్కు. అక్కడ ఆట ముగిసి బయటికి వచ్చేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. చుట్టూ వేలమంది ఉన్నా తెలిసినవారు ఒక్కరూ ఉండరు. అందుకే మగపిల్లలు వెళ్తామంటే సరేనంటున్న పెద్దలు, ఆడపిల్ల అడిగితే మాత్రం వద్దంటున్నారు. నాటకం మీద ఆశ ఉన్న ఎందరో అమ్మాయిలు ఈ ఒక్క కారణంతో గడప దాటలేకపోతున్నారు.

ఈ భయాన్ని కొట్టిపారేయడానికి వీల్లేదు. 2012 డిసెంబరు 16 రాత్రి ఢిల్లీలో సినిమా చూసి ఇంటికి పోతున్న ఒక యువతి, ఆమె స్నేహితుడు ఎక్కిన ప్రైవేటు బస్సులోనే ఘోరం జరిగింది. అదే నెల 29న ఆమె కన్నుమూసింది. ఆ తర్వాత 2013లో చట్టాన్ని కఠినం చేశారు. ఆడవారి వెంటపడి వేధించడాన్ని కూడా ప్రత్యేక నేరంగా చేర్చారు. తప్పు నేరం చేసినవారిదే గాని, సినిమాకో నాటకానికో వెళ్లినవారిది కాదు. ఎవరో చేసిన పాపానికి మన ఇంటి ఆడపిల్లకు శిక్ష వేయడం న్యాయమేనా?

ఆనాడే రంగస్థలమెక్కారు

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచకవధ’ నాటకంతో సురభి సమాజానికి నాంది పలికారు. ఆడవేషాలు కూడా మగవారే కట్టే రోజులవి. అలాంటి కాలంలో సురభి కుటుంబాల స్త్రీలు స్వయంగా వేషం కట్టి రంగస్థలమెక్కారు. ఊరూరా డేరాలు వేసుకుని తిరిగారు. ఆ సమాజానికి చెందిన రేకందార్ నాగేశ్వరరావు (బాబ్జీ)కి 2013లో పద్మశ్రీ లభించింది. అంతకాలం కిందటే ఆడవారు వేదిక మీదికి వస్తే, నేడు ప్రేక్షకుల్లో కూర్చోవడానికి వెనుకాడవలసి రావడం విచారకరం.

దారి తెలిస్తే సగం భయం పోతుంది

హైదరాబాద్‌లో నాటకాలకు పేరున్న చోటు రవీంద్రభారతి. 1961లో విశ్వకవి రవీంద్రుని శతజయంతి సందర్భంగా దీనిని ప్రారంభించారు. అసెంబ్లీకి దగ్గరే ఉంటుంది. మన జిల్లా నుంచి వెళ్లే బస్సులో ఎల్.బి.నగర్‌లో దిగితే అక్కడే మెట్రో రైలు ఎక్కవచ్చు. ఈ దారిలో 2018 సెప్టెంబరు నుంచి రైళ్లు తిరుగుతున్నాయి. అసెంబ్లీ స్టేషనులో దిగితే రవీంద్రభారతి నడక దూరమే. చిక్కడపల్లిలోని త్యాగరాయ గానసభకు పోవాలంటే మహాత్మాగాంధీ బస్ స్టేషను వద్ద రైలు మారి చిక్కడపల్లి స్టేషనులో దిగాలి. రైలులో మహిళలకు ప్రత్యేకంగా చోటు కేటాయించారు.

తెలంగాణ ఆడవారికి 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు డబ్బులు లేవు. ఆధార్ కార్డు వెంట ఉంచుకుంటే చాలు. కాబట్టి ఖర్చు పెద్ద అడ్డంకి కాదు.

తిరుగు ప్రయాణం దగ్గరే జాగ్రత్త అవసరం. ఆఖరి రైలు ఎప్పుడో, ఊరికి ఆఖరి బస్సు ఎప్పుడో బయలుదేరే ముందే కనుక్కుని రాసుకోవాలి. ఆ బస్సు దొరకదనుకుంటే రాత్రికి బంధువుల ఇంట పడక ఏర్పాటు చేసుకున్నాకే వెళ్లాలి. నలుగురైదుగురు కలిసి వెళ్లడం మేలు. ఎవరో పిలిచి ఎక్కించుకునే ప్రైవేటు బండి కంటే ఆర్టీసీ బస్సే నయం. ఆటో ఎక్కవలసి వస్తే నంబరు ఇంటికి ఫోనులో చెప్పాలి. హాలులో కూర్చోగానే బయటికి పోయే తలుపులు ఎటున్నాయో ఒకసారి చూసుకోవాలి.

ఆపద వస్తే...

112కు గాని 100కు గాని ఫోను చేస్తే పోలీసులు పలుకుతారు. మహిళల కోసం 181 నంబరు ఉంది. హైదరాబాద్‌లో 2014 అక్టోబరు 24న షీ టీములు మొదలయ్యాయి. వీరు మామూలు దుస్తుల్లో జనం మధ్యనే తిరుగుతూ పోకిరీలను పట్టుకుంటారు.

ఇది మా పరిధి కాదు, వేరే స్టేషనుకు పొమ్మంటారేమోనన్న సందేహం పల్లెవారికి సహజం. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం, పోలీసులు నేరుగా కేసు కట్టదగిన నేరం ఎక్కడ జరిగినా, ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవలసిందే.

నిర్వాహకులూ ఆలోచించాలి

జాగ్రత్తలన్నీ ప్రేక్షకులకే చెబితే సరిపోదు. కార్డులో ఆరు గంటలకని వేస్తారు. పెద్దల ప్రసంగాలు, శాలువాలు, సన్మానాలు ముగిసి తెర లేచేసరికి ఏడున్నర దాటుతుంది. నగరంలో ఉండేవారికి అది గంటన్నర ఆలస్యమే. పల్లె నుంచి వచ్చినవారికి మాత్రం ఆ గంటన్నరలోనే ఆఖరి బస్సు పోతుంది. సగం ఆట చూసి లేచిపోవలసిన దుస్థితి. నాటకం ముందు ఆడించి సన్మానాలు తర్వాత పెట్టుకుంటే ఎవరికీ నష్టం లేదు. ముగిసే వేళ కూడా కార్డు మీద అచ్చు వేస్తే దూరం నుంచి వచ్చేవారికి మేలు చేసినవారవుతారు. హాలు బయట, బస్సు స్టాపు దాకా దీపాలు వెలిగేలా చూడటం అధికారుల బాధ్యత.

జనం తిరిగే దారిలో భయం తక్కువ. ఆడవారు ఇంట్లో ఉండిపోయేకొద్దీ రాత్రి దారులు మరింత నిర్మానుష్యమవుతాయి. వారు పదిమంది కలిసి కదిలితే దారికి కళ వస్తుంది, నాటకానికి ప్రేక్షకులూ దొరుకుతారు. ఈసారి మీ అమ్మాయి నాటకం చూస్తానంటే వద్దని కొట్టిపారేయకండి. తిరుగు బస్సు ఎన్నింటికో కనుక్కోండి. వీలైతే మీరూ కూడా వెళ్లి పక్కన కూర్చోండి.