యాంటీవైరస్ దొంగను ఎలా పడుతుంది?

పెన్‌డ్రైవ్ పెట్టగానే తెర మూలన ఎర్రటి హెచ్చరిక! లోపల వైరస్ ఉందని యాంటీవైరస్‌కి ఎలా తెలిసింది?

పోలీసుల దగ్గర పాత దొంగల వేలిముద్రలు ఉన్నట్టే, దాని దగ్గర తెలిసిన వైరస్‌ల గుర్తుల పట్టిక ఉంటుంది. ఫైలు తెరవబోతే ముందు ఆ పట్టికతో పోల్చి చూస్తుంది. మరి కొత్త దొంగ వస్తే? నడవడికను కనిపెడుతుంది. ఏదో ప్రోగ్రామ్ ఉన్నట్టుండి వందల ఫొటోలకు తాళాలు వేస్తోందంటే అనుమానించి ఆపేస్తుంది.

2017 మేలో ‘వానాక్రై’ అనే హానికర ప్రోగ్రామ్ చేసింది ఆ తాళాల పనే. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లూ కొన్ని దాని బారిన పడ్డాయి. అది దూరిన కన్నాన్ని పూడ్చే విండోస్ అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. చాలామంది వేసుకోలేదు, అంతే!

మరి ఇంటికి ఏది మేలు? విండోస్ 10, 11లలో డిఫెండర్ అనే యాంటీవైరస్ ముందే ఉంటుంది, ఉచితంగా. వేరేది కొనాలంటే జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారిటివ్స్ సంస్థల పరీక్షా ఫలితాలు చూడొచ్చు. ఎన్ని వైరస్‌లను పట్టింది, మంచి ఫైళ్లను ఎన్నిసార్లు దొంగలనుకుంది, కంప్యూటర్‌ను ఎంత నెమ్మది చేసింది అన్నీ లెక్కగడతాయి. రెండు యాంటీవైరస్‌లను ఒకేసారి నడిపితే మాత్రం అవి ఒకదాన్నొకటి అనుమానించుకోవచ్చు, కంప్యూటర్ నత్తనడక నడవొచ్చు.

కాపలా మెలకువగా ఉందో లేదో చూడటానికి ‘ఐకార్’ అనే 68 అక్షరాల ఉత్తుత్తి ఫైలు ఉంది. అది ఏ హానీ చేయదు. అయినా యాంటీవైరస్ దాన్ని చూడగానే కేకేస్తుంది.