వీపు లేని బొమ్మ

డబుల్ యాక్షన్ ఫిల్మ్‌నగర్ కెమెరా సొత్తే అనుకునే మిత్రులు సాలార్‌జంగ్ మ్యూజియం చూడాలి. 1951లో దివాన్ దేవిడీ అనే నివాస భవనంలో తెరచి, 1968లో ఇప్పటి చోటికి మార్చారు. అక్కడ ఒకే సికమోర్ దుంగలో ముందు మెఫిస్టోఫిలిస్, వెనుక అద్దంలో తలవంచిన మార్గరెట్టా! 19వ శతాబ్దపు ఫ్రెంచి పని; చెక్కినవాడి పేరు మిగల్లేదు.

నా దృష్టి మాత్రం కర్ర మీదే. పచ్చి తుమ్మను ఎండలో పడేస్తే నెర్రె తీస్తుందని మా నాన్న నీడన ఆరబెడతాడు. దుంగ ఆరేటప్పుడు చుట్టువాటంగా ఎక్కువ, లోపలివైపు తక్కువ కుంచించుకుపోతుంది మరి. అందుకే యూరప్‌లో గోథిక్ శిల్పులు బొమ్మల వీపు తొలిచి డొల్ల చేసేవారు. ఆ కాలపు మాస్టర్ పాల్‌కు స్లొవాకియాలోని లెవోచాలో ఇంటి మ్యూజియమే ఉంది. ఈ బొమ్మకో, తొలవడానికి వీపేదీ? మావాళ్లు అద్దంలోకి చూస్తుంటే నేను నెర్రె కోసం వెతికాను.