మళ్ళీ గోదాలోకి

2016 ఆగస్టు 17. రియో ఒలింపిక్స్‌లో మహిళల 48 కిలోల కుస్తీ క్వార్టర్ ఫైనల్ జరుగుతున్నది. హర్యానాలోని బలాలి గ్రామానికి చెందిన వినేశ్ ఫోగట్ చైనా మల్లయోధురాలు సున్ యానాన్‌తో తలపడింది. తొలి పోటీలో 11-0తో నెగ్గిన ఆమెపై దేశం ఎన్నో ఆశలు పెట్టుకున్నది. పెనుగులాటలో ఉన్నట్టుండి ఆమె కుడి మోకాలు మెలి తిరిగింది. బాధతో విలవిలలాడుతున్న ఆమెను స్ట్రెచర్‌పై మోసుకుపోయారు. ఆ నెలాఖరున అర్జున పురస్కారం అందుకోవడానికి రాష్ట్రపతి భవన్‌కు ఆమె చక్రాల కుర్చీలో వచ్చింది. అప్పటికామెకు ఇరవై రెండేళ్ళు!

కుస్తీ అయినా, జూడో అయినా, కరాటే అయినా దేహానికి మోకాలే ఇరుసు. పాదం నేలను అంటిపెట్టుకుని ఉండగా ప్రత్యర్థి బరువు మీదపడి శరీరం మరోవైపు తిరిగితే, ఆ ఒత్తిడినంతా మోకాలే భరించాలి. దాని లోపల తొడ ఎముకను కాలి ఎముకతో కలుపుతూ, కత్తెర వలె పెనవేసుకున్న రెండు సంధిబంధనాలుంటాయి. వాటిలో ముందుదానిని వైద్యులు ఏసీఎల్ అంటారు. కాలి ఎముక ముందుకు జారిపోకుండా ఆపేది అదే. పూర్తిగా తెగితే, చాలామందిలో అది తనంతట తాను సరిగా అతుక్కోదు. అందుచేత శస్త్రవైద్యులు రోగి తొడ వెనుక నుండో, మోకాలి చిప్ప క్రింది నుండో కొంత స్నాయువును తీసి దాని స్థానంలో అమరుస్తారు.

అసలు పరీక్ష ఆ తరువాతనే మొదలవుతుంది. కొత్తగా అమర్చిన స్నాయువులోకి రక్తనాళాలు అల్లుకోవడానికి నెలలు పడుతుంది. ఈలోగా అది బలపడకపోగా కొంత బలహీనమవుతుంది కూడా. విచిత్రమేమంటే, సరిగా ఆ రోజుల్లోనే వాపు తీసి, నొప్పి పోయి, ‘ఇక నాకేమీ లేదు’ అనిపిస్తుంది. ఎందరో తొందరపడేది అప్పుడే. నార్వే, అమెరికా పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో ఒక సంగతి తేలింది: తొమ్మిది నెలల వరకు, ఆటకు తిరిగి రావడాన్ని వాయిదా వేసిన ఒక్కొక్క నెలకు, మోకాలు మళ్ళీ గాయపడే అవకాశం దాదాపు సగం తగ్గింది!

ఆ నెలలు ఊరక కూర్చునేందుకు కావు. మొదట మోకాలిని పూర్తిగా చాచగలగాలి. వాడకం లేక సన్నబడిన తొడ కండరానికి తిరిగి పుష్టి కలిగించాలి. పిమ్మట ఒంటికాలిపై నిలకడ, ఆపైన గెంతడం, ఒడుపుగా దిగడం. గాయపడిన కాలి బలం రెండవ కాలి బలంలో తొంభై శాతానికైనా చేరాలి. పట్టులను మొదట ఒంటరిగా, తరువాత ఎదురు తిరగని తోడుతో సాధన చేయాలి. నిజమైన కుస్తీ అన్నిటికన్నా చివరిది. అప్పటికీ ఒకటి మిగిలి ఉంటుంది—భయం. కాలు సిద్ధమైనా, అదే పట్టు ఎదురైనప్పుడు మనసు వెనుకంజ వేస్తుంది.

తొమ్మిది నెలల అనంతరం, 2017 మేలో, ఢిల్లీలో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్‌లో వినేశ్ రజతం గెలిచింది. 2018 ఆగస్టు 20న జకార్తా ఆసియా క్రీడలలో ఆమె మొదటి ప్రత్యర్థి ఎవరు? రియోలో ఎదుర్కొన్న సున్ యానానే! వినేశ్ 8-2తో ఆమెను ఓడించింది. ఆ రోజే స్వర్ణం గెలిచి, ఆసియా క్రీడల కుస్తీలో ఆ ఘనత సాధించిన తొలి భారతీయ మహిళ అయింది.

విధి అంతటితో విడిచిపెట్టలేదు. 2023 ఆగస్టులో సాధన చేస్తుండగా ఎడమ మోకాలు దెబ్బతిన్నది. మళ్ళీ శస్త్రచికిత్స, మళ్ళీ మొదటి అడుగు నుండి సాధన. ఏడాది తిరగకముందే, 2024 ఆగస్టు 6న పారిస్ ఒలింపిక్స్‌లో, విదేశీయుల చేతిలో అంతవరకు ఓటమి ఎరుగని జపాన్ యోధురాలు యుయి సుసాకీని 3-2తో ఓడించింది. ఫైనల్‌కు చేరిన మరునాడు ఉదయం, నూరు గ్రాముల అధిక బరువు కారణంగా ఆమెను అనర్హురాలిగా ప్రకటించారు. పతకం చేజారింది. కాని రెండుసార్లు శస్త్రచికిత్సకు లోనైన ఆ కాళ్ళు మాత్రం ఆమెను చివరి మెట్టు వరకు మోసుకువెళ్ళాయి.