బడి తోటలో ఎరువు పాఠం



మొన్న పాలకూర కడుగుతూంటే మా చిన్నమ్మాయి పక్కన చేరి, "అమ్మా, ఇది ఇంత ఏపుగా ఎలా పెరిగిందే?" అని అడిగింది. "మంచి ఎరువు వేసుంటారు" అన్నాను. "ఎరువంటే?" "పశువుల పేడే తల్లీ." అంతే! "ఛీ" అంటూ ముక్కు మూసుకుని పారిపోయింది. ఆ పూట కూర ముట్టుకోలేదు.

నవ్వొచ్చింది గానీ, ఆలోచిస్తే తప్పు పిల్లది కాదు. పట్నంలో కూర బజారునుంచి వస్తుంది, మురుగు గొట్టంలోంచి పోతుంది. ఈ రెంటికీ ఉన్న చుట్టరికం పిల్లలకెవరు చెబుతారు? పేడ సంగతి అలా ఉంచండి, మనిషి మలమూత్రాలూ ఎరువేనంటే పెద్దవాళ్ళమే మొహం చిట్లిస్తాం.

ఆఫ్రికాలోని జింబాబ్వే దేశంలో ఈ పాఠం బడిలోనే చెప్పారు. రాజధాని హరారే పక్కన ఎప్‌వర్త్‌లో చిసుంగు ప్రాథమిక పాఠశాల ఉంది. పీటర్ మోర్గన్, ఆనీ షాంగ్వా అనే ఇద్దరు అక్కడి పిల్లలకు దీన్ని నేర్పి, బడుల్లో ఎలా బోధించాలో వివరిస్తూ 2010లో పుస్తకం తెచ్చారు.

పద్ధతి తేలికే. మీటరు లోతు గొయ్యి తవ్వి, పైన సిమెంటు పలక వేసి, చిన్న గది కడతారు. వాడినప్పుడల్లా గుప్పెడు మట్టి, బూడిద, ఎండుటాకులు వేస్తారు. దాంతో వాసనా ఈగలూ తగ్గుతాయి. గొయ్యి నిండవచ్చేసరికి పలకనూ గదినీ మరో గోతిమీదికి జరిపి, పాతదాన్ని మట్టితో కప్పేసి చెట్టు నాటుతారు. ఇంకో రకంలో రెండు గోతులుంటాయి. ఒకటి వాడుకలో ఉంటే రెండోది ఏడాదిపాటు మాగుతుంది.

ఫలితం చూడండి. ఎప్‌వర్త్‌లోని నిస్సారమైన మట్టిలో మోర్గన్ వేసిన పాలకూర నెలకు 72 గ్రాములు తూగింది. అదే మట్టిలో మాగిన ఎరువు సగానికి సగం కలిపితే 546 గ్రాములు! ఇలా రెండు తొట్లు పక్కపక్కన పెట్టి, పిల్లలచేత ఆకులు కొలిపించి, తూయించి, రాయిస్తే లెక్కలూ సైన్సూ ఒక్కచోటే వస్తాయి.

"రోగాలు రావుటండీ?" అంటారేమో. రావలసిన సందేహమే. పచ్చి మలంలో నులిపురుగుల గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి. అందుకే వేడి ప్రాంతాల్లో ఏడాదికి పైగా మాగనివ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో సూచించింది. బడిలో మూత్రాన్ని విడిగా పట్టినా, మూత పెట్టి నెలల తరబడి నిలవ ఉంచాలి. తర్వాత నీళ్ళు కలిపి మొక్క మొదట్లోనే పొయ్యాలి, ఆకులమీద కాదు. కోతకు నెల ముందే మానెయ్యాలి. పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోవడం తప్పనిసరి.

ఇంకో మాట. ఈ పనిని మన దేశంలో తరతరాలుగా కొందరి నెత్తినే రుద్దాం. చేతులతో మలం ఎత్తించడాన్ని 2013 చట్టం నిషేధించింది. కనుక గోతి పని ఏ పిల్లవాడికీ చెప్పకూడదు. తోటపని మాత్రం అందరిదీ, వంతులవారీగా. ఫలానా పిల్లలే ఊడవాలి, ఫలానా పిల్లలే తవ్వాలి అంటే అది చదువు కాదు. మన పిల్లల బడిలో తోట ఉంటే, ఈ సంగతి మనమే వెళ్ళి అడగాలి.

మేడమీది ఇళ్ళలో గోతులు కుదరవు, వద్దు కూడా. కానీ రెండు కుండీలు చాలు. ఒకదాంట్లో ఉత్త మట్టి, రెండోదాంట్లో కూరల తొక్కులు బాగా మాగి మట్టైపోయిన ఎరువూ వేసి, రెంటిలో తోటకూర విత్తనాలు చల్లించండి. తేడా పిల్లలే చెబుతారు.

"ఛీ" అన్నందుకు మాత్రం కసరకండి. ఆ అసహ్యం కూడా మనల్ని రోగాలనుంచి కాపాడేదే. "ఇవాళ్టికి ఛీ, ఏడాది మాగితే మట్టి" అని చెప్పండి. మా అమ్మాయికి నేనలాగే చెప్పాను. ఇప్పుడు రోజూ కుండీల దగ్గరే కూచుంటోంది.