పెద్దవాళ్ళకి నిద్రెందుకు పట్టదు?



"రాత్రంతా కన్ను మూతపడలేదే అమ్మాయ్!" పెద్దవాళ్ళున్న ఇళ్ళల్లో పొద్దున్నే వినబడే మాటే ఇది. డెబ్భై నాలుగేళ్ళ మా అత్తగారు అలా అన్నప్పుడల్లా, "వయసు మీదపడింది కదా అత్తయ్యా" అని కాఫీ గ్లాసు చేతికిచ్చి నా పనిలో నేను పడేదాన్ని. చివరికి ఆవిడ బాధ చూడలేక, డాక్టరుకి చూపించకుండానే మందుల షాపునించి నిద్రమాత్రలు తెప్పించాను. మూడోనాటి అర్ధరాత్రి బాత్‌రూముకి లేచి, మత్తులో తూలి గడప దగ్గర పడిపోయారు. మణికట్టు విరిగింది. తుంటి ఎముక విరగనందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాం. తప్పు నాదే. మీ ఇంట్లో అలా జరగకూడదనే ఈ నాలుగు మాటలూ చెబుతున్నాను.

వయసు మళ్ళితే నిద్ర అక్కర్లేదనుకోవడం పొరపాటు. వాళ్ళకీ ఏడెనిమిది గంటల నిద్ర కావాలి. తగ్గేది గాఢనిద్ర; అందుకే చిన్న చప్పుడుకే మెలకువ వస్తుంది. పైగా ఒంట్లోని గడియారం కాస్త ముందుకు జరుగుతుంది. ఎనిమిదింటికే నిద్రపోయిన మనిషికి మూడింటికి మెలకువ వచ్చిందంటే ఏడు గంటల నిద్ర అయినట్టే కదా! అది జబ్బు కాదు.

కట్టు కట్టిన డాక్టరుగారు ముందు అడిగింది రాత్రి సంగతి కాదు, పగటి సంగతి. మధ్యాహ్నం రెండు గంటల నిద్ర, సాయంత్రం టీవీ ముందు కునుకు, ఆరింటికి కాఫీ. కాఫీ ప్రభావం సగం తగ్గడానికే అయిదారు గంటలు పడుతుందట. ఆవిడ రాత్రిపూట వేసుకునే బి.పి. మాత్రల్లో ఒకటి మూత్రం ఎక్కువగా పోయించే రకం. దాన్ని ఆయనే పొద్దుటికి మార్చారు.

ఇప్పుడు మా ఇంట్లో మధ్యాహ్నం కునుకు అరగంటే, అదీ మూడింటిలోపు. భోజనమయ్యాక కాఫీ లేదు. పొద్దున్నే పెరట్లో ఎండలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తారు, పూలు కడతారు. నిద్రొచ్చినప్పుడే మంచమెక్కుతారు. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే దొర్లకుండా లేచి, చిన్న దీపం వెలుతురులో జపం చేసుకుని, కళ్ళు మూతలు పడుతుంటే మళ్ళీ పడుకుంటారు. ఎలా పడుకున్నా లేవడం మాత్రం రోజూ ఒకే వేళకి. బాత్‌రూము దారిలో రాత్రంతా చిన్న బల్బు వేసి, జారే పట్టా తీసేశాను. నెల తిరిగేసరికి చాలావరకు కుదుటపడ్డారు.

అయితే అన్నీ అలవాట్లతో పోవు. గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడినట్టు మళ్ళీ పీల్చుకుంటున్నారా? అది నిద్రలో శ్వాస ఆగే జబ్బు కావచ్చు. దానివల్ల బి.పి. పెరుగుతుంది, గుండెకీ మంచిది కాదు. ముక్కుకి తొడిగే మాస్కు యంత్రంతో అది అదుపులోకి వస్తుంది. పడుకోగానే కాళ్ళు లాగి, నడిస్తేగాని నెమ్మదించకపోతే ఒంట్లో ఇనుము తక్కువేమో రక్తపరీక్ష చేయించండి. కలలో అరుస్తూ కాళ్ళూ చేతులూ విసురుతుంటే నరాల డాక్టరుకి చూపించాలి. కొందరిలో అది వణుకుడు జబ్బుకి ముందు సూచన. తిండి సయించక, తెల్లవారుజామునే లేచి కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే అది మనోవ్యాధి కావచ్చు. దానికీ వైద్యముంది.

ఇంకొక్క మాట. మత్తు కలిగించే జలుబు మాత్రలు కూడా నిద్రకోసం వెయ్యకండి. వాటివల్ల కూడా పెద్దవాళ్ళు తూలతారు, తికమకపడతారు. ఏళ్ళతరబడి నిద్రమాత్ర వేసుకుంటున్నవాళ్ళు ఉన్నట్టుండి మానెయ్యకూడదు. డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి.

రేపు పొద్దున్న మీ ఇంట్లో పెద్దవాళ్ళు నిద్రపట్టలేదంటే, "వయసు" అని కొట్టిపారెయ్యకండి. ఒక్క నిమిషం పక్కన కూర్చుని, "ఎన్నింటికి మెలకువ వచ్చింది? ఎందుకొచ్చింది?" అని అడగండి. నేను ఆ మాట ముందే అడిగివుంటే మా అత్తయ్య చెయ్యి విరిగేది కాదు.